అద్దం రూపాయి

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకునే మనుషులు ఉంటారు కదా, నేను ఆ జాతి. అలాంటివాడు కెమిస్టుగా చేరితే ఫ్యాక్టరీకి లాభమే, ఏ రీడింగునూ ఒక్కసారి చూసి నమ్మడు కాబట్టి. ఆ మనిషికే సుఖం ఉండదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, మీ సర్వీసులో బాగా గాభరాపడ్డ రోజు ఏదని అడుగుతుంటారు. బాయిలర్ పైపు పగిలిన రోజో, చెరుకు బండ్లు ఊరి బయటిదాకా నిలిచిపోయిన రోజో చెబుతానని వాళ్ళ ఆశ. నేను నిజంగా వణికిపోయింది ఒక రూపాయి బిళ్ళ ముందు.

అది అరవైల మొదట్లో మాట. నయాపైసలు వచ్చినా జనం ఇంకా అణాల్లోనే బేరాలాడుతున్న కాలం. నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లాబొరేటరీలో చిన్న కెమిస్టుని. నిజామాబాదులో బీడీలు చుట్టి నన్ను చదివించిన మా అవ్వ, కెమిస్టు అంటే మందుల దుకాణంలో కొలువనుకుంది. కాదవ్వా, రసంలో తీపి ఎంతుందో కొలిచే పని అని చెబితే, "నాల్క మీద ఏస్కుంటే తెల్వదారా? దానికి ఇంత సదువెందుకు?" అని నన్నే ఎదురడిగింది.

మా పెద్ద కెమిస్టు మద్రాసులో చదువుకొని వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఎవరినీ గట్టిగా అనేవాడు కాదు. ఆయనకు ఒకే ఒక పిచ్చి, పాత నాణేలు. ఆదివారం వస్తే నన్ను వెంటబెట్టుకొని బస్సులో నిజామాబాదు పోయేవాడు. వెండి పనివాళ్ళ దగ్గరికి కరిగించడానికి వచ్చిన బిళ్ళల కుప్పలో చెయ్యి పెట్టి, చార్మినారు బొమ్మ ఉన్న నిజాం హాలీ సిక్కాలనూ, తెల్లరాజు తలకాయ ఉన్న బ్రిటిషు కల్దార్లనూ ఒక్కొక్కటే తిప్పి చూసేవాడు. నచ్చింది దొరికితే దాని బరువుకు సరిపడా వెండి ఇచ్చి తెచ్చుకునేవాడు. కుంపటి పక్కన ఆయన అలా గంటలకొద్దీ కూర్చుంటే, తిరుగు బస్సు తప్పిపోతుందేమోనని నేను బయట నిలబడి చెమటలు కక్కేవాణ్ణి.

ఆ నాణేలన్నీ ఒక ఎత్తు, మఖమల్ పెట్టెలో ఉండే మూడు మాత్రం ఒక ఎత్తు. ఒక రూపాయి, ఒక అర్ధ రూపాయి, ఒక పావలా. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో టంకశాలవాళ్ళు నమూనాగా కొట్టిన ప్రూఫ్ నాణేలవి. బజారులోకి పంపే రూపాయిని దబదబా కొట్టి సంచుల్లో పోస్తారు. ప్రూఫ్ నాణేనికి మాత్రం అచ్చును అద్దంలా మెరుగుపెట్టి, బిళ్ళను కూడా మెరుగుపెట్టి, ఒక్కొక్కటిగా నిదానంగా కొడతారు. అందుకే రాజు తల మంచు పట్టినట్టు తెల్లగా, దాని చుట్టూ ఉన్న ఖాళీ అంతా అద్దంలా ఉంటుంది. అలాంటివి కొట్టేదే కొన్ని, అందులోనూ యుద్ధకాలానివి దొరకడం మరీ కష్టం. ఆయనకు చక్కెర పని నేర్పిన గురువు చివరి రోజుల్లో వాటిని ఆయన చేతిలో పెట్టాడట.

నాకు మొదటిసారి ఆ రూపాయి చూపించినప్పుడు, "అంచు పట్టుకో. ముఖం ముట్టుకోకు. ఎప్పుడూ తోమకు. ఒక్కసారి తోమితే ఈ అద్దం మళ్ళీ రాదు" అన్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకొని దూరం నుంచే చూశాను. దాంట్లో నా ముక్కు కనబడింది. అప్పటినుంచి లాబొరేటరీలో దానికి అద్దం రూపాయి అనే పేరు పడింది.

ఆ ఏడు బతుకమ్మ పండుగ రోజుల్లో, చెరుకు క్రషింగ్ ఇంకా మొదలుకాక లాబొరేటరీ చల్లగా ఉన్నప్పుడు, పెద్ద కెమిస్టు నన్ను తన క్వార్టరుకు పిలిపించాడు. వాళ్ళావిడ దసరాకని పుట్టింటికి పోయింది. ఇంట్లో ఆయన ఒక్కడే. బల్ల మీద మఖమల్ పెట్టె తెరిచి ఉంది. అర్ధ రూపాయి, పావలా తళతళలాడుతున్నాయి. వాటి పక్కన టీ పొడి డబ్బా ఒకటి, దాని ముందు ఫ్లానెల్ గుడ్డ మీద ఒక నల్ల బిళ్ళ. కుంపట్లోంచి తీసిన అట్లకాడలా ఉంది.

"ఇది నా రూపాయి కాదు" అన్నాడాయన. "పెట్టెలో దాని గుంట వదులైపోయి కదులుతోందని, వానాకాలం మొదట్లో గుడ్డలో చుట్టి, ఈ డబ్బాలో వేసి అలమారలో పెట్టాను. హైదరాబాదు నుంచి నాణేలాయన ఒకరు చూడ్డానికి వస్తున్నాడని ఇవాళ తీశాను. ఇది ఉంది. ఈ రెండూ చూడు, మచ్చ పడలేదు. అదొక్కటే ఇంత నల్లగా ఎలా మారుతుంది? మార్చేశారు."

"ఎవరు సార్?"

ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు, కానీ చెప్పాడు. ఆ ఇంట్లో పనిచేసేది మా లాబొరేటరీలో సీసాలు కడిగే మనిషి భార్య. నేను ఆయన్ని అన్నా అని, ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. ఎండకాలంలో ఒకరోజు ఆయన ఆ రూపాయిని చూసుకుంటుంటే, గది ఊడుస్తూ ఆమె ఆగి, "సార్, గీ రాజు బిళ్ళలు మా అవ్వ దండల గూడ ఉన్నయి" అన్నదట. ఆయన అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ మాటే ఆయనకు సాక్ష్యమైంది. తన దండలోని బిళ్ళ ఇక్కడ పెట్టి, అద్దం రూపాయి పట్టుకుపోయిందని ఆయన లెక్క.

"రేపు మధ్యాహ్నంలోపు తెచ్చి ఇమ్మన్నాను. లేకపోతే ఠాణాలో చెబుతాను" అన్నాడు. "నువ్వు దీన్ని పరీక్ష చేసి, ఇది బజారు రూపాయేనని ఒక మాట చెప్పు."

పరీక్షంటే ఏం చెయ్యను? యుద్ధం రోజుల్లో వెండి తగ్గించి కొట్టిన ఆ రూపాయీ, అదే ఏడాది బజారులోకి వచ్చిన రూపాయీ ఒకే లోహం, ఒకే తూకం. గీసి చూసినా, యాసిడ్ పోసి చూసినా తేడా ఉండదు. ఉన్న తేడా అంతా పైన ఉన్న అద్దంలోనే. అది ఉంటే ఆ నలుపు కింద ఉండాలి. నలుపు పోవాలంటే తోమాలి, తోమితే అద్దం పోతుంది. ఈ మాట ఆయనకు చెప్పాను. నలుపు తీసే ఉపాయం ఏదైనా చూడనా అని కూడా అడిగాను.

"నాది కాని నాణేన్ని నువ్వేం చేస్తే నాకేం? చేసుకో" అని ఆ బిళ్ళను నా వైపు తోశాడు. ఆయన అంతకుముందు ఎప్పుడూ నాతో అట్లా మాట్లాడలేదు.

బిళ్ళను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకొని, దారంతా జేబు తడుముకుంటూ, కూలీల ఇండ్లుండే లేబర్ లైన్లకు పోయాను. అక్క గడపలో కూర్చుని ఉంది. పక్కన వెదురు గుల్లలో తంగేడు, గునుగు పూలు పొద్దున కోసుకొచ్చినవి కోసుకొచ్చినట్టే వాడిపోతున్నాయి. ఎవరూ బతుకమ్మ పేర్చలేదు.

"రా తమ్మీ, నువ్వు గూడ అడుగుతానికే వచ్చినవా?" అన్నది.

"లేదక్కా. అసలేం జరిగిందో తెలుసుకుందామని."

"ఏం జరుగుతది? అలమార తుడుస్త, గది ఊడుస్త. గా డబ్బ సంగతే నాకు తెల్వది. సార్‌కు గదే చెప్పిన. 'నీ దండల ఎన్ని బిళ్ళలున్నయి, ఏది తీసినవ్' అని అడిగిండు. మా అవ్వ దండ తమ్మీ అది. పండుగకొక్కసారి మెడల ఏస్కుంట. రేపు సద్దుల బతుకమ్మ. నలుగుర్ల ఎట్ల నిలబడాలె? గా దండ ఏస్కొని పోతే, గీ బిళ్ళ ఎవలిదని అడగరా?"

ఆమె భర్త గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. లాబొరేటరీలో పొద్దంతా జోకులేసే మనిషి. "చిన్న సారూ, ఠాణాకు పోతే నౌకరి మాట అటుంచు, మల్ల గీ లైన్ల మేం తలెత్తి తిరుగుతమా? గా బిళ్ళ తెల్లగ మెరిస్తే సార్ నమ్ముతడా?" అని అడిగాడు.

"మెరవడం కాదన్నా, అద్దంలా ఉండాలి" అన్నాను.

ఆ మాట అన్నకు పూర్తిగా ఎక్కలేదని నాకు తర్వాత గాని తెలియలేదు.

నాకు కాలేజీలో మా లెక్చరర్ చేసి చూపించిన పని ఒకటి గుర్తొచ్చింది. సత్తు, అంటే అల్యూమినియం గిన్నెలో మరిగే నీళ్ళు పోసి, బట్టల సోడా కలిపి, నల్లబడ్డ వెండి చెంచాను గిన్నె అడుక్కు తాకేలా పడేస్తే, తోమే పని లేకుండా నలుపు దానంతటదే వెండిని వదిలి సత్తుకు పోతుంది. కానీ ఆ చెంచా మంచి వెండిది. ఈ రూపాయిలో సగం వేరే లోహాలు. ఆ నీళ్ళలో పడ్డాక పైన గుంటలు పడితే? ఇది ఆయన రూపాయే అయ్యుండి, నా చేతిలో పాడైతే? ఆయన గురువు గుర్తు పోతుంది, అక్కకు ఉన్న ఒక్క సాక్ష్యం పోతుంది, నేను ఇద్దరికీ ముఖం చూపించలేను. ముట్టుకోకుండా తిరిగి ఇచ్చేసి, "నాకు తెలియడం లేదు సార్" అనడం అన్నిటికంటే సులువు. ఇంటికి పోయేదాకా ఆ వాక్యాన్నే నోట్లో తిప్పుకున్నానని మీకు చెప్పడానికి సిగ్గుపడను. తెల్లారాక ఎందుకో ఆ వాక్యం నోట్లోంచి రాలేదు. వాడిపోయిన ఆ తంగేడు పూలు కళ్ళముందు నుంచి పోలేదు.

పొద్దున లాబొరేటరీలో నేనూ, సీసాలు కడిగే అన్నా తప్ప ఎవరూ లేరు. అందరూ పండుగ హడావిడిలో ఉన్నారు. ముందు పరీక్షకు వేరే బిళ్ళ కావాలని చెబితే, అన్న ఇంటికి పోయి అక్క దండనే తెచ్చాడు. దాంట్లో ప్రతి బిళ్ళనూ అంటించకుండా, అంచు పట్టే రింగులో బిగించి దారానికి ఎక్కించారు. వాటిలో అదే రాజు బొమ్మ ఉన్న ఒకదాన్ని విప్పాను. రూపాయిని బల్ల మీద గుడ్డలో ఉంచి, స్టోరులో సోడా తేవడానికి పోయాను. స్టోరు గుమస్తా తాళంచెవి వెతుక్కుంటూ ఆలస్యం చేశాడు. ఆ కాసేపు నా గుండె ఊరికే కొట్టుకుంది. భయస్థులకు అప్పుడప్పుడు ఆ గుండెదడ పనికొస్తుంది. సోడా చేతికి రాగానే పరుగెత్తాను.

అన్న కుళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. ఎడమ అరచేతిలో నల్ల బిళ్ళ. కుడిచేతిలో చింతపండు ముద్ద, దానికి అంటిన బూడిద. మా ఇండ్లల్లో పండుగ ముందు ఇత్తడి చెంబైనా, వెండి గిన్నెయినా తోమేది దాంతోనే.

"అన్నా, ఆగు! ముట్టకు!" అని నేను అరిచిన అరుపుకు నాకే చెవులు గింగురుమన్నాయి.

ఆయన బిళ్ళ వదల్లేదు. "ఏమైంది సారూ? ఒక్కసారి గట్టిగ తోమితే తళతళ అయితది. నా పెండ్లాం బయటపడతది."

"ఒక్కసారి తోమితే అద్దం పోతది. అద్దం పోతే అది బజారు రూపాయే అవుతది. అక్క మార్చిందనే సార్ అనుకుంటడు. నువ్వే నీ చేత్తో అక్కను ఠాణాకు పంపినట్టయితది."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చింతపండు ముద్ద తొట్టిలో పడిపోయింది. ఆ మనిషి అక్కడే నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఇంకొక్క క్షణం స్టోరులో ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను.

గిన్నె పొయ్యి మీద పెట్టాము. ముందు దండలోని బిళ్ళ వేశాను. నీళ్ళు నురగ కట్టాయి, కాసేపట్లో బిళ్ళ తెల్లబడింది. భూతద్దంలో చూస్తే గుంటలు లేవు. కానీ రాజు చెవి అరిగి, చుట్టూ ఉన్న ఖాళీ అంతా గీతలతో, పదేళ్ళు చేతులు మారిన బిళ్ళ ఎలా ఉంటుందో అలాగే ఉంది. తెల్లగా ఉంది గాని అద్దం లేదు. బజారు రూపాయి అంటే ఇదీ అని మా ఇద్దరికీ తెలిసింది.

"ఇగ గది గూడ గిట్లనే వస్తే?" అని అన్న అడిగాడు.

నల్ల బిళ్ళను అంచు పట్టుకొని వేడినీళ్ళలోకి జారవిడిచాను. నురగ లేచింది, దాంతోపాటు కుళ్ళిన కోడిగుడ్డు వాసన. దండ బిళ్ళకు రాని వాసన. అన్న ముక్కు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. కెమిస్టుగా ఆ వాసన నాకు తెలుసు. అది గంధకం వాసన.

పటకారుతో పైకి తీసి మంచినీళ్ళలో ముంచి, గుడ్డ తగలనీయకుండా గాలికి ఆరబెట్టాను. రాజు తల తెల్లగా, మంచు పట్టినట్టుగా ఉంది. చుట్టూ ఉన్న ఖాళీలో కిటికీ కనబడింది. కిటికీ చువ్వలు కనబడ్డాయి. వంగి చూస్తున్న అన్న మీసం కనబడింది. రాజు చెవి దగ్గర మాత్రం పసుపు నీడ లాంటి మరక ఒకటి మిగిలిపోయింది. అన్న నా భుజం పట్టుకొని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడానికేం ఉంది.

అప్పుడు కానీ నాకు ఆ టీ పొడి డబ్బా గుర్తురాలేదు. మా కాలనీలో చీమల బాధ అంతా ఇంతా కాదు. చక్కెర మిల్లు పక్కన బతికేవాళ్ళకు చీమలు ఇంటి మనుషులే. రసాన్ని తెల్లబరచడానికి ఫ్యాక్టరీలో గంధకం కాలుస్తారు కాబట్టి, వానలు పడే ముందు ప్రతి ఇంటివాళ్ళూ గంధకం ముక్కలు తెచ్చుకొని, గుడ్డలో కట్టి, డబ్బాల అడుగున, పెట్టెల మూలల్లో పెట్టుకునేవాళ్ళు. గంధకం లేని డబ్బా కాలనీలో లేదు. అందుకే ఎవరి కళ్ళకూ అది కనబడేది కాదు. వెండి పక్కన గంధకం పెట్టగూడదని ఆ కాలనీలో అందరికంటే బాగా తెలియాల్సినవాళ్ళం మేమిద్దరం, పెద్ద కెమిస్టూ నేనూ. ఆ ముందురోజు డబ్బా నా కళ్ళముందే ఉంది, నేనూ చూడలేదు.

క్వార్టరుకు పోయేసరికి పెద్ద కెమిస్టు ఠాణాకు బయలుదేరడానికి చెప్పులు వేసుకుంటున్నాడు. నేను రూపాయిని ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో సంతోషం ఇంకా పూర్తిగా రాకముందే నేను టీ పొడి డబ్బాను తెచ్చి, అడుగున పరిచిన కాగితం ఎత్తాను. చిన్న గుడ్డ మూట. విప్పితే పసుపుపచ్చ ముక్క.

"ఇది ఎవరు పెట్టారు సార్?"

"నేనే" అన్నాడాయన. "ప్రతి ఏడూ నేనే పెడతాను." వేసుకున్న చెప్పులు విప్పలేదు. "పద" అన్నాడు.

పెద్ద కెమిస్టు లేబర్ లైన్లలోకి నడిచి రావడం అంతవరకు ఎవరూ చూడలేదు. బతుకమ్మలు పేరుస్తున్న ఆడవాళ్ళు పూలు వదిలేసి లేచి నిలబడ్డారు. అక్క గడప దిగి వచ్చింది. అన్న అప్పటికే విషయం చెప్పాడు కాబట్టి ఆమెకు తెలుసు. ఆయన అందరి ముందూ గట్టిగా, వినబడేలా, "తప్పు నాది. నా రూపాయి నా దగ్గరే ఉంది. నిన్ను అనరాని మాటన్నాను, క్షమించు" అన్నాడు. అరచేయి చాపి రూపాయి చూపించాడు. అందరికీ అంచు పట్టుకొమ్మని చెప్పే మనిషి ఆ రోజు దాన్ని అరచేతిలో పరిచి పట్టుకున్నాడు. "ఇదిగో, కావాలంటే నువ్వే తీసి చూడు."

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నాకెందుకు సార్? అప్పుడు ముట్టలే, ఇప్పుడు గూడ ముట్ట."

ఆయన చెయ్యి మెల్లగా ముడిచి, "రేపటినుంచి పనికి వస్తావా?" అని అడిగాడు. ఆ గొంతులో బతిమాలడం ఉంది.

"వస్త సార్. పనికి రాకుంటే ఎట్లెల్లుతది? అమ్మ మంచిది, మీరు గూడ ఇన్నేండ్లు మంచిగనే ఉన్నరు. గని గా అలమార ఉన్న అర్రలకు మాత్రం రాను. గా అర్ర మీరే ఊడ్సుకోండ్రి."

ఆ సాయంత్రం ఆమె దండ వేసుకొని బతుకమ్మ ఆడింది. నేను విప్పిన బిళ్ళ తిరిగి దారంలోకి ఎక్కింది, మిగతావాటి మధ్య అదొక్కటే తెల్లగా కనబడుతూ.

పండుగ తర్వాత హైదరాబాదు నాణేలాయన వచ్చాడు. రూపాయిని భూతద్దంలో చూసి, రాజు చెవి దగ్గర మరక పట్టేసి, "అయ్యో, ఎవరు పాడుచేశారు?" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. పెద్ద కెమిస్టు నావైపు చూడకుండా, "నేనే" అన్నాడు.

ఆ తర్వాత ఆయన బోధన్‌లో ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాడు. పొద్దున పూట ఏదైనా పని మీద ఆ క్వార్టరుకు పోతే, అక్క వంటింట్లోనో వసారాలోనో ఊడుస్తూ కనబడేది. లోపలి గదిలో ఆయన లుంగీ ఎగగట్టి, చీపురు పట్టుకొని, అలమార కింద వంగి ఉండేవాడు. వాళ్ళావిడ ఒకసారి జాలిపడి ఆ గదిలోకి పోయి చీపురు అందుకోబోతే, వద్దని తనే తీసుకున్నాడట. మొదట్లో ఆయనకు ఊడవడం రాదు, దుమ్మంతా మళ్ళీ గదిలోకే లేచేది. పోను పోను నేర్చుకున్నాడు. రిటైరై పోయే రోజు సామాను లారీకెక్కించాక, ఖాళీ అయిన ఆ గదిని కూడా ఆయనే ఊడ్చాడు. దుమ్ము గడప దాకా తెచ్చాక, అక్క చాట తెచ్చి ఇవతలి నుంచే పట్టింది.